రెండు అంగుళాల మూపురం

అమెరికా వచ్చిన మొదటి ఏడాది, 1990 మార్చిలో, హ్యూస్టన్‌లో ఏటా జరిగే పశువుల ప్రదర్శనకి వెళ్ళాను. నేను చదివింది పశువైద్యం. ఇక్కడ లైసెన్సు పరీక్షలకి తయారవుతూ ఉన్న రోజులు. ఆ పూట చదువు ఎగ్గొట్టి, తెలిసినవాళ్ళ కారులో వెళ్ళాను. ఎర్రవీ నల్లవీ, మెడా నడుమూ ఒకటే లావున్న పశువుల వరసలన్నీ దాటుకుంటూ పోతుంటే ఒక మూల తెల్లగా కనపడింది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎత్తైన మూపురం, మోకాళ్ళ దాకా వేలాడే గంగడోలు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు. ఒంగోలు దగ్గర పల్లెటూరి వాణ్ణి కదా, గొంతులో ఏదో అడ్డం పడింది. పక్కనున్న బోర్డు మీద దాని జాతి పేరు చూశాను. బ్రాహ్మన్ అని ఉంది.

ఆ రాత్రే మా పెదనాన్నకి ఏరోగ్రామ్ రాశాను. మా ఇంట్లో పశువుల సంగతి తెలిసిన మనిషి ఆయనే. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరు కోడె కొన్నా ముందు ఆయనకి చూపించేవాళ్ళు. నెల తర్వాత జవాబు వచ్చింది. సంతోషం అంతా రాసి, చివర్లో ఒక ప్రశ్న వేశాడు. "అక్కడంతా ట్రాక్టర్లే అంటివి. పాలకి వేరే ఆవులున్నాయంటివి. మరి మన గిత్తల చేత ఏం పని చేయిస్తున్నార్రా?"

దానికి నేను సూటిగా జవాబు రాయలేదు. "బాగా మేపుతున్నారు, బాగా చూసుకుంటున్నారు" అని రాశాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి.

* * *

పరీక్షలయ్యాక నాకు దొరికిన ఉద్యోగం మాంసం తనిఖీ శాఖలో. అమెరికాలో కబేళా నడవాలంటే ప్రభుత్వ పశువైద్యుడు అక్కడ ఉండాలి. పశువు దిగేటప్పుడు రోగమేమైనా ఉందా అని చూడాలి, కోశాక లోపలి అవయవాలు చూడాలి. మన దేశం నుంచి వచ్చిన పశువైద్యులు చాలామంది ఈ ఉద్యోగంలోనే స్థిరపడ్డారు. పెళ్ళిళ్ళలో, పండగలప్పుడు "ఏం చేస్తుంటారండీ" అని అడిగితే "యూఎస్‌డీఏలో" అని ఊరుకునేవాళ్ళం. మీరు తింటారా అని నన్నడిగిన వాళ్ళకి ఇక్కడే చెప్పేస్తాను. తినను. అందులో గొప్పేమీ లేదు, ఇంటి అలవాటు. మా ఊళ్ళో పెద్దకూర తినే ఇళ్ళూ ఉండేవి. చచ్చిన ఎద్దుని ఊరవతలికి ఈడ్చుకుపోయి, తోలు తీసి, మా మోటకీ మా చెప్పులకీ తోలిచ్చింది వాళ్ళే. ఒంగోలు గిత్త గురించి మేం చెప్పుకునే గొప్పల్లో వాళ్ళ మాట ఎప్పుడూ రాలేదు.

టెక్సాస్ కబేళాల్లో నేను చూసిన ఒక చిన్న సంగతి ఈ కథకి మూలం. కోసిన పశువు తోలు తీసి, లోపలిదంతా తీసేసి, నిలువునా రెండు చేసి కొక్కేనికి వేలాడదీస్తారు. దీన్ని కార్కస్ అంటారు. ఒకటి రెండు రోజులు చలిగదిలో ఉంచాక, పన్నెండో పక్కటెముకకీ పదమూడో దానికీ మధ్య కోత పెట్టి, గ్రేడర్ చూస్తాడు. గ్రేడింగ్ నా పని కాదు, వేరే శాఖది. కానీ అటుగా పోతున్నప్పుడు ఆగి చూసేవాణ్ణి. కొన్ని కార్కస్‌ల మెడ దగ్గర ఒక చిన్న కొలబద్ద పెట్టేవాళ్ళు. మూపురం ఎత్తు రెండు అంగుళాలు దాటిందా లేదా అని కొలవడం. దాటితే ఒక ప్రసిద్ధమైన బ్రాండు ముద్ర దానికి పడదు. ఆ ముద్ర లేకపోతే ఆ మేరకి ధర తక్కువ.

మా పెదనాన్న కోడె దగ్గరికి వెళితే మొదట చూసేది మూపురమే. నిటారుగా ఉందా, రెండు వైపులా సమంగా నిండి ఉందా, ఒక పక్కకి వాలిందా. వాలిన మూపురం ఉన్నదాన్ని ఆబోతుగా ఉంచేవాళ్ళు కాదు. ఆయన ధర పెంచడానికి చూసిన చోటే ఇక్కడివాళ్ళు ధర తగ్గించడానికి కొలబద్ద పెడుతున్నారు. మూపురం వద్దనుకునే దేశంలోకి ఆ మూపురం ఎందుకొచ్చింది? ఎవరు తెచ్చారు? తెచ్చుకున్నాక ఎందుకు పనికిరాకుండా పోయింది? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తీరిక దొరికినప్పుడల్లా ఇవే చదువుకున్నాను.

* * *

టెక్సాస్‌కి మూపురాన్ని తెచ్చింది ఒక పురుగు. గోమారి.

పందొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్ నుంచి ఉత్తరాదికి మందలు తోలుకెళితే, అవి నడిచిన దారిలో ఉత్తరాది పశువులు జ్వరంతో చచ్చేవి. టెక్సాస్ మందకి మాత్రం ఏమీ అయ్యేది కాదు. అలాగే మంచి మాంసం కోసం ఇంగ్లీషు జాతి ఆబోతుల్ని ఉత్తరాది నుంచి టెక్సాస్ తీరానికి తెస్తే, అవి ఇక్కడికి వచ్చి చచ్చేవి. దీన్ని టెక్సాస్ జ్వరం అన్నారు. థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు 1893లో ఈ చిక్కు విప్పారు. రక్తంలో చేరే ఒక సూక్ష్మజీవి రోగానికి కారణమనీ, దాన్ని మోసుకొచ్చేది గోమారి అనీ రుజువు చేశారు. ఒక పురుగు రోగాన్ని ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకి మోస్తుందని తేలడం వైద్యశాస్త్రంలోనే పెద్ద మలుపు. దోమ వల్ల మలేరియా వస్తుందని సికింద్రాబాదులో పనిచేసిన రొనాల్డ్ రాస్ తేల్చింది దీని తర్వాతే, 1897లో.

గోమారి అని తెలిసింది సరే, మరి చేసేదేమిటి? టెక్సాస్ తీరంలో 'షాంఘై' పియర్స్ అని పేరుపడ్డ పెద్ద పశువుల ఆసామి ఒకడుండేవాడు. భారతదేశపు పశువుల్ని గోమార్లు ఏమీ చెయ్యలేవని అతని నమ్మకం. వాటిని తెప్పించాలని ఉండగానే 1900లో పోయాడు. అతని మేనల్లుడు బోర్డెన్ ఆ పని నెత్తిన వేసుకుని, ఓకానర్ అనే ఇంకో ఆసామి సాయంతో ఇండియా నుంచి పశువుల్ని ఓడెక్కించాడు. 1906లో అవి న్యూయార్క్ రేవు చేరేసరికి కొన్నిటికి సర్రా జబ్బు ఉన్నట్టు తేలింది. జోరీగల వల్ల వ్యాపించే ఈ జబ్బు మన పశువైద్యులందరికీ తెలిసిందే, అమెరికాకి మాత్రం కొత్త. రోగమున్నవాటిని అక్కడే చంపేశారు. మిగిలినవి నెలల తరబడి ఒక దీవిలో బందీగా ఉండి, చివరికి టెక్సాస్ చేరాయి. 30 ఆబోతులు, 3 ఆవులు.

వీటికి ముందు కూడా కొన్ని వచ్చాయి. 1854లో లూసియానాలో బారో అనే తోట యజమానికి బ్రిటిష్ ప్రభుత్వం రెండు ఆబోతుల్ని బహుమతిగా పంపింది. ఇండియాలో పత్తీ చెరకూ వేయించడానికి వెళ్ళబోయే ఒక అధికారికి ఆయన ఆ సాగు నేర్పినందుకు కృతజ్ఞతగా అన్నమాట. 1885లో హ్యూస్టన్ వాళ్ళు ఇద్దరు మరో జతని తెప్పించారు. సర్కస్ కంపెనీ అమ్మేసినవి కొన్ని. 1920లలో బ్రెజిల్ నుంచి మెక్సికో మీదుగా వచ్చినవి కొన్ని. అన్నీ కలిపినా 300 దాటవు, అందులోనూ దాదాపు అన్నీ మగవే. ఇవాళ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మూపురమున్న పశువులకి చాలామటుకు మూలం ఆ మూడొందల లోపు జీవాలే. మగవాటిని ఇక్కడి ఆవుల మీదికి వదిలి, పుట్టిన పెయ్యల్ని మళ్ళీ దేశీ ఆబోతుతోనే కలుపుతూ, తరాల తరబడి రక్తాన్ని చిక్కన చేసుకున్నారు. 1924లో సంఘం పెట్టుకున్నప్పుడు సార్ట్‌వెల్ అనే ఆయన 'బ్రాహ్మన్' అనే పేరు సూచించాడు. పవిత్రమైన ఆవులు అన్న ఉద్దేశంతో ఆ పేరు నచ్చి ఉంటుంది. గొడ్డుమాంసం కోసం పెంచే జాతికి ఆ పేరేమిటని మనకి అనిపిస్తుంది గానీ, వాళ్ళకి అందులో తికమకేమీ కనపడలేదు.

ఇక్కడ మనవాళ్ళకి ఒక మాట చెప్పాలి. తెలుగు సభల్లో ఎవరో ఒకరు "అమెరికా బ్రాహ్మన్ అంటే మన ఒంగోలేనండీ" అంటూనే ఉంటారు. నేనూ కొన్నాళ్ళు అన్నాను. అది సగం నిజమే. బ్రాహ్మన్‌లో గుజరాత్ కాంక్రేజి రక్తం ఉంది, గిర్ ఉంది, కృష్ణాతీరపు జాతి ఉంది, మనదీ ఉంది. ఆ రోజు ప్రదర్శనలో నా గొంతులో అడ్డంపడ్డ ఎద్దులో ఒంగోలు పాలెంతో ఎవరూ చెప్పలేరు. కల్తీ లేని ఒంగోలు సంగతి చూడాలంటే బ్రెజిల్ వెళ్ళాలి. దాని మాట తర్వాత.

* * *

కొత్త ఆబోతులు వచ్చాయి. వేడికి తట్టుకున్నాయి. పొట్టి నున్నని వెంట్రుకలు, వదులు చర్మం, బాగా చెమట పట్టే గుణం, గోమార్లని దులిపేసుకునే తోలు. కానీ ఆసామికి కావలసింది మాంసం. అందుకని సంకరం మొదలుపెట్టారు.

అందరికంటే పేరు తెచ్చుకుంది దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్. 1910లో ఓకానర్ ఇచ్చిన సగం బ్రాహ్మన్ సగం షార్ట్‌హార్న్ ఆబోతు పిల్లలు ఎండాకాలంలో కూడా బలిసి ఉండటం వాళ్ళ కంటపడింది. 1918లో బోర్డెన్ మంద నుంచి 52 ఆబోతుల్ని కొన్నారు. వాటిని షార్ట్‌హార్న్ ఆవుల మీదికి వదిలారు. అలా 1920లో ఒక ఎర్ర కోడెదూడ పుట్టింది. చిలిపిగా ఎగురుతుంటే 'మంకీ' అని పేరు పెట్టారు. రాబర్ట్ క్లెబర్గ్ దాని మీదే మందనంతా కట్టాడు. దాని కొడుకులూ మనవలూ కలిసి శాంటా గెర్‌ట్రూడిస్ అనే కొత్త జాతి అయింది. అమెరికా గడ్డ మీద తయారైన మొదటి మాంసపు జాతిగా 1940లో వ్యవసాయశాఖ దాన్ని గుర్తించింది. ఎనిమిదింట మూడు పాళ్ళు బ్రాహ్మన్, అయిదు పాళ్ళు షార్ట్‌హార్న్. ఆ తర్వాత అదే పాళ్ళతో నల్ల ఆంగస్‌ని కలిపి బ్రాంగస్ చేశారు. లాసటర్ కుటుంబం బ్రాహ్మన్, హియర్‌ఫర్డ్, షార్ట్‌హార్న్ మూడిటినీ కలిపి బీఫ్‌మాస్టర్ చేసింది.

అన్నిటిలోనూ ఒకటే లెక్క కనపడుతుంది. మూపురం రక్తం కొంత ఉండాలి, ఎక్కువ కాకూడదు. కూరలో ఉప్పులాగ. ఈ లెక్క వాళ్ళు కాగితం మీద వేసింది కాదు, మందల వెనక తిరిగి తెలుసుకున్నది. ఎందుకలా అన్నది తర్వాత శాస్త్రం వచ్చి చెప్పింది.

* * *

అమెరికా ప్రభుత్వం మాంసానికి గ్రేడు ముద్ర వేయడం 1927లో మొదలైంది. అందులో పెద్దపీట మార్బ్లింగ్‌కి. అంటే కోసిన కండ మధ్యలో చలువరాతి చారల్లా కనిపించే తెల్లటి కొవ్వు. చారలు ఎక్కువైతే ప్రైమ్, తర్వాత చాయిస్, ఆ తర్వాత సెలెక్ట్. నములుతుంటే మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని కొలవడానికి వార్నర్, బ్రాట్‌జ్లర్ అనే ఇద్దరి పేరుమీద ఒక యంత్రం వచ్చింది. వండిన ముక్కలోంచి అర అంగుళం మందాన గుండ్రటి కడ్డీలా తీసి, నారకి అడ్డంగా మొండికత్తితో తెంపుతారు. తెగడానికి ఎంత బలం పట్టిందో అదే లెక్క.

నెబ్రాస్కాలో క్లే సెంటర్ అనే చిన్న ఊరి దగ్గర ప్రభుత్వ మాంసపశు పరిశోధనా కేంద్రం ఉంది. 1969 నుంచీ అక్కడ పెద్ద యజ్ఞమే చేశారు. ప్రపంచంలోని రకరకాల జాతుల ఆబోతుల్ని హియర్‌ఫర్డ్, ఆంగస్ ఆవులతో కలిపి, పుట్టిన దూడల్ని పుట్టుక నుంచి పళ్ళెం దాకా కొలిచారు. 1970ల నడుమ బ్రాహ్మన్‌నీ, మన పంజాబు వైపు సాహివాల్‌నీ పరీక్షించారు. 1980ల చివర్లో నెల్లూరు వంతు వచ్చింది. నెల్లూరు అంటే మన ఒంగోలే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, దొరలు ఆ పేరుతోనే ఓడెక్కించారు. బయటి ప్రపంచంలో ఆ పేరే నిలబడిపోయింది.

ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి. మొదటిది మెచ్చుకోలు. మూపురపు తండ్రికీ ఇంగ్లీషు తల్లికీ పుట్టిన ఆవులు తల్లులుగా అందరికంటే మిన్న. సులభంగా ఈనుతాయి. పాలు దండిగా ఇచ్చి దూడని బరువుగా పెంచుతాయి. చాలా ఏళ్ళు మందలో నిలబడతాయి. చలిదేశమైన నెబ్రాస్కాలో కూడా దూడ విడిచే నాటికి తల్లికింత అని బరువు లెక్కేస్తే ముందు వరసలో నిలిచాయి. రెండోది మాంసం సంగతి. మూపురపు రక్తం పావు నుంచి సగానికీ, సగం నుంచి ముప్పాతికకీ పెరిగేకొద్దీ కొవ్వు చారలు తగ్గాయి, తెంపడానికి పట్టే బలం పెరిగింది. ఒక దానికీ ఇంకో దానికీ తేడా కూడా పెరిగింది. 1989లో అచ్చయిన ఈ ఫలితాలు చదివిన రోజు నాకు బాగా గుర్తు. ఇంటి పిల్లవాడి మార్కుల కాగితం చూసినట్టనిపించింది.

గట్టిదనానికి కారణం కూడా అక్కడివాళ్ళే పట్టుకున్నారు. పశువు చచ్చిపోయాక కండ బిగుసుకుంటుంది. తర్వాత చలిగదిలో రోజులు గడిచేకొద్దీ కాల్పెయిన్ అనే ఎంజైమ్ కండ నారల్ని లోపల్నుంచి కొద్దికొద్దిగా తెంపి మెత్తబరుస్తుంది. కాల్పెయిన్‌ని కత్తెర అనుకుంటే, కాల్పాస్టాటిన్ అనే ఇంకో ప్రోటీన్ ఆ కత్తెరకి తొడుగు. మూపురం పశువుల కండలో ఈ తొడుగు ఎక్కువ. ఒక రోజు గడిచాక చూసినా కత్తెర నోరు ఇంకా మూసే ఉంటుంది. అందుకే అదే చలిగదిలో, అన్నే రోజులున్నా, ఆంగస్ మాంసం మెత్తబడినంతగా ఇది మెత్తబడదు.

ఇందులో ఉన్న కిటుకు నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. సంకరం వల్ల వచ్చే బలం అన్ని గుణాల్లోనూ ఒకేలా రాదు. చూలు నిలవడం, దూడ బతకడం, తల్లి నాలుగు కాలాలు మందలో ఉండటం వంటివి ఒక్క జాతిలోనే ఎంపిక చేసుకుంటూ పోతే మహా నెమ్మదిగా మెరుగవుతాయి. దూరపు జాతుల్ని కలిపితే మాత్రం ఒక్క తరంలో ఎగిసి వస్తాయి. మూపురం ఉన్న జాతీ లేని జాతీ లక్షల ఏళ్ళ కిందటే విడిపోయిన దాయాదులు కాబట్టి ఆ ఎగుడు ఇంకా ఎక్కువ. కొవ్వు చారలు, మెత్తదనం అలా కాదు. అవి తల్లిదండ్రుల దగ్గర ఎంతుంటే దాదాపు అంతే, చెరి సగం. సంకరం వాటికి అదనంగా ఇచ్చేది చాలా స్వల్పం. అంటే ఆవు బతుకుని నిలబెట్టేది కలయిక, మాంసం తీరుని తేల్చేది వంశం. ఎనిమిదింట మూడు పాళ్ళు అనే లెక్క ఈ రెండింటి మధ్య కుదిరిన రాజీ.

రాజీలో లాభం ఒకరికీ నష్టం ఇంకొకరికీ వచ్చిపడింది. తీరంలో మంద పెట్టుకున్న ఆసామికి మూపురపు తల్లి వరం. అదే ఆసామి దూడల్ని సంతకి తోలితే, పెద్ద చెవులు చూసి బేరగాడు పౌనుకి ఇన్ని సెంట్లని కోస్తాడు. చెవి పొడవు బేరంలో చెప్పుకునే మాట. కబేళాలో తోలు తీసేశాక చెవులుండవు, రంగుండదు, మిగిలే ఆనవాలు మూపురం ఒక్కటే. 1978లో ఒహాయోలో మొదలైన సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ అనే బ్రాండు నల్లతోలు పశువుల్ని తీసుకుంటుంది. కానీ బ్రాంగస్ కూడా నల్లదే. వేరుచెయ్యడం ఎట్లా? అందుకే మెడ మీద రెండు అంగుళాల నియమం.

నిజానికి మూపురం గోమార్లని ఆపదు. ఎండని ఆపదు. కండని గట్టిపరచదు. అది భుజాల మీద పెరిగిన ఒక కండా కొంత కొవ్వూ మాత్రమే. మూపురమున్నా మెత్తగా ఉండే కార్కస్‌లు ఉంటాయి, లేకుండా గట్టిగా ఉండేవీ ఉంటాయి. బ్రాహ్మన్ పెంపకందార్లు ఈ మాట ఎప్పటినుంచో అంటున్నారు. మెత్తని మాంసమిచ్చే ఆబోతుల్ని వెతికి పట్టుకుంటున్నారు కూడా. కాల్పెయిన్ జన్యువులోనే రెండు రకాల జాతుల్లోనూ పనిచేసే గుర్తు ఒకటి 2005 నాటికి దొరికింది. రక్తం చుక్క చాలు, కొలబద్దతో పని లేదు. అయినా కొలబద్ద ఇంకా పోలేదు. చలిగదిలో గంటకి వందల కార్కస్‌లు కదిలిపోతుంటే, కంటికి కనపడే ఆనవాలే లెక్కలోకొస్తుంది.

* * *

ఇక బ్రెజిల్. అక్కడికి ఒంగోలు పశువులు పందొమ్మిదో శతాబ్దంలోనే చేరాయి. ఆఖరిసారి పెద్దఎత్తున వెళ్ళింది 1960 తర్వాత రెండు మూడేళ్ళలో. అక్కడి ఆసాములు మన జిల్లా పల్లెల్లో తిరిగి, తమకి నచ్చినవాటిని ఏరి కొనుక్కుపోయారు. ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో వాటిని రోగపరీక్షల కోసం ఉంచి తర్వాత లోపలికి రానిచ్చారు. వాటిలో ఒక ఆబోతు పేరు కర్వాది. మా ఒంగోలు పక్కన రైలాగే కరవది. ఇంకో దాని పేరు వాళ్ళ నోట చెకురుపాడు. మా చేకూరపాడు. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్ల పైచిలుకు పశువుల్లో ఎక్కువ భాగం నెలోరి రక్తమే, ఆ వంశవృక్షాల్లో కర్వాది పేరు పదే పదే వస్తుంది. 2023లో వియాటినా-19 అనే నెలోరి ఆవు మూడో వంతు వాటా వేలంలో పలికిన ధరని బట్టి లెక్కేస్తే దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది.

బ్రెజిల్‌లో పశువులు ఎక్కువగా గడ్డి మీదే పెరుగుతాయి. కొవ్వు చారలకి అమెరికా ఇచ్చే విలువ అక్కడ లేదు. చారలు కావాలనుకున్నవాళ్ళు నెలోరి ఆవుకి ఆంగస్ వీర్యం వేయిస్తున్నారు. ఇక్కడ ఆంగస్ వైపు నుంచి మొదలైన బేరం అక్కడ నెలోరి వైపు నుంచి మొదలైంది, అంతే. మాతో పనిచేసిన బ్రెజిల్ మిత్రుడొకాయన ఇంకో సంగతి చెప్పి నన్ను ఆశ్చర్యపరిచాడు. వాళ్ళకి మూపురం ప్రత్యేకమైన వంటకం. పేరు కుపిం. ఆ మాటకి చెదలు అని అర్థమట, పుట్టలా ఉంటుందని కాబోలు. కొవ్వూ కండా పెనవేసుకున్న ఆ ముక్కని గంటల తరబడి నిప్పుల మీద తిప్పి, పల్చగా కోసి వడ్డిస్తారు. ఒక దేశంలో కొలబద్ద పెట్టి ధర కోసే చోటు, ఇంకో దేశంలో అతిథికి మొదట వడ్డించే చోటు. గట్టిదీ మెత్తదీ యంత్రం చెబుతుంది. మంచిదీ చెడ్డదీ మాత్రం తినేవాళ్ళే చెప్పాలి.

* * *

2004 సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. అంతకు కొన్ని వారాల ముందే అమెరికాలో పిచ్చి ఆవు జబ్బు బయటపడి, ముప్పై నెలలు దాటిన పశువులకి వేరే నియమాలు పెట్టారు. వయసు కాగితాలుండవు గనక పళ్ళు చూసి తేల్చమన్నారు. రెండు పళ్ళ దాకా ఒక లెక్క, మూడో పన్ను పొడిస్తే ఇంకో లెక్క. మా ఊళ్ళో బండలాగుడు పోటీలు జరుగుతున్నాయి. మైకులో "రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం" అని అరుస్తుంటే నాకు నవ్వొచ్చింది. పెదనాన్న ఎందుకు నవ్వుతున్నావన్నాడు. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. కొట్టంలో గిత్తలు లేవు. ఒక జెర్సీ సంకరపు ఆవు ఉంది, పాలకేంద్రానికి పోసుకోవడానికి.

ఆ సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుని మొత్తం చెప్పాను. మన గిత్తల్ని ఎందుకు తీసుకుపోయారో, ఏం చేస్తున్నారో, నేనేం ఉద్యోగం చేస్తున్నానో. దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"ముసలెద్దుని సంతకి తోలితే అది ఎక్కడికి పోతుందో నాకు తెలీదనుకున్నావా? పదిహేనేళ్ళు దున్నిన దాన్ని, తాడు దళారి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేవాణ్ణి. డబ్బులు మీ పెద్దమ్మ చేతికిచ్చి ఆ పూట అన్నం తినేవాణ్ణి కాదు. మర్నాడు తినేవాణ్ణి. నువ్వు దాచావని నాకు కోపం లేదురా. మేమూ దాచుకున్నాం."

తర్వాత మామూలు గొంతుతో పశువుల సంగతుల్లోకి వచ్చేశాడు. అక్కడ ఎండకి తట్టుకుంటున్నాయా? గోమార్లు పడుతున్నాయా? దూడలు నిలుస్తున్నాయా? ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. మన రక్తం పడ్డ తల్లులు అందరికంటే బాగా ఈనుతాయని చెబితే ముఖం విప్పారింది. మాంసం గట్టి అని చెబితే, "నాగలి లాగే కండ మెత్తగా ఎందుకుంటుందిరా?" అన్నాడు. నాగలికీ కాల్పాస్టాటిన్‌కీ సంబంధం ఏమిటో తేల్చే ధైర్యం నాకు ఆ పూట లేకపోయింది.

"ఇంతకీ మూపురం ఎంత దాటకూడదంటావు?" అని అడిగాడు.

రెండు అంగుళాలన్నాను. అంగుళాల లెక్క ఆయనకి తెలుసు గానీ, చూపించమన్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించాను. నా వేళ్ళ మధ్య ఖాళీని కళ్ళు చికిలించి చూసి, చేతికర్ర నేల మీద తట్టి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

"ఓరి పిచ్చోడా, పాలు మరవని దూడకుంటుందిరా అంత!"